నలభయ్యో రోజు

రెండే మీటలు.
ఎడమ బొటనవేలు బొగ్గు వేస్తుంది,
కుడి బొటనవేలు ఆవిరి వదులుతుంది.
అంతకంటే నేర్చుకునేదేమీ లేదు,
ఏసుపాదం నా ఫోన్లో ఎక్కించిన రాత్రే వచ్చేసింది నాకు.
లొంగనిదల్లా ఆ ముల్లు.
ఎర్రగీత దాటితే బాయిలరు పేలుతుంది.
పచ్చగీత కిందికి జారితే నడిసముద్రంలో ఓడ ఆగి
తెర మూలన ఒక అంకె తగ్గడం మొదలెడుతుంది:
మూడొందల పన్నెండు మంది జనం.
మూడొందల పదకొండు.
పోయిందెవరో చెప్పరు.

కాసేపు ఆపుకునే మీట లేదు.
పోతే మళ్ళీ మొదటి రోజుకి.
నలభయ్యో రోజున రేవు వస్తుందంటారు,
చూసినవాడు మా ఎరికలో లేడు.

మొగల్తూరు దాటాక, ఉప్పుటేరు వైపు,
మూడెకరాల చెరువు, నాలుగు లక్షల రొయ్యపిల్ల,
గట్టు మీద రేకుల షెడ్డులో నేను.
రాత్రిళ్ళు నా పని వినడం.
ఏరియేటర్లు నీళ్ళు చిలికినంతసేపూ ఫరవాలేదు,
ఆ చప్పుడు ఆగితే
అరగంట. అంతే ఉంటుంది నీళ్ళలో ఊపిరి.
పోయిన వేసంగిలో పక్క చెరువు కాపలా ఏసుపాదానిది.
రెప్ప వాలింది.
తెల్లారేసరికి ఒడ్డెమ్మట తెల్లగా పేరుకుంది సరుకంతా.
ఇప్పుడు నరసాపురంలో ఐసు దిమ్మలు లాగుతున్నాడు.
"దీంతో నిద్ర రాదురా," అన్నాడు ఆట ఎక్కిస్తూ,
"నాకే లేటుగా తెలిసింది."

నిన్న రాత్రి, ముప్పై తొమ్మిదో రోజు.
రెండొందల నలభై మంది ఇంకా ఉన్నారు.
చెమటకి ఫోను బొమ్మిడాయిలా జారుతోంది,
చొక్కాకి తుడుచుకుందామని వేలు తీస్తే ముల్లు ఊరుకోదు.
మోచేతి మీద దోమ తీరిగ్గా తాగింది. తాగనిచ్చాను.
తెర అంచున ఏదో వెలుగు,
దీపస్తంభమో, నా కళ్ళ నీరసమో.

అప్పుడు నిశ్శబ్దం.
ముందు ఆటలోదే అనుకున్నాను.
తర్వాత కప్పలు వినిపించాయి.
మూడు నెలలుగా అక్కడే ఉన్నాయంట ఆ కప్పలు,
నాకు తెలీదు.

ఎంతసేపట్లో లేచావంటే
రాజుగారికైతే వెంటనే అని చెప్తాను.
మూడుసార్లు బొగ్గు వేశాను.
రెండుసార్లు ఆవిరి వదిలాను.
ఆ తర్వాతే లేచాను.

జనరేటరుకి ఒకటే మీట.
నొక్కితే మూలిగింది,
మళ్ళీ నొక్కితే మూలగడమూ మానేసింది.
హ్యాండిలు తగిలించి తిప్పాను, భుజం ఊడొచ్చేలా.
నోట్లో టార్చి, పళ్ళ మధ్య వణుకుతూ వెలుగు,
ఆ వెలుగులో నీటి పైకి చిన్న చిన్న కళ్ళు,
నారింజ చుక్కలు,
ఒకటి, పది, తర్వాత లెక్క పెట్టలేదు.
జేబులో ఓడ కూత పెడుతోంది.
పెడుతూనే ఉంది.
ఆరోసారికో ఏడోసారికో ఇంజను దగ్గి, నల్లగా ఊది, అందుకుంది.
చక్రాలు తిరిగాయి.
అయినా కూర్చోలేదు, ఆక్సిజన్ బిళ్ళలు బకెట్టుకెత్తి
చల్లుకుంటూ గట్టు చుట్టూ నడిచాను,
ఆ కళ్ళు ఒక్కొక్కటే కిందికి దిగిపోయేదాకా.

పొద్దున బండి దిగకుండానే అడిగారు నరసరాజుగారు,
"రాత్రి కరెంటేమన్నా పోయిందేంట్రా?"
"ఆయ్, పోయిందండి. వచ్చిందండి."
మేత ట్రే ఎత్తించి, చూసి, వెళ్ళారు.

ఫోను తీస్తే మూలన సున్నా.
కింద ఒకటే మీట: మళ్ళీ మొదలు.
నొక్కితే మూడొందల పన్నెండు మందీ
ఏమీ ఎరగనట్టు పెట్టెలు మోసుకుంటూ ఎక్కేస్తారు.
నొక్కలేదు.
ఏసుపాదానికి చేశాను.
"ముప్పై తొమ్మిది," అన్నాను.
వాడి వెనక మర చప్పుడు, ఎక్కడో దిమ్మ జారి పగిలింది.
"రేవు కనపడిందా?"
"దీపం లాంటిదేదో."
"మరి?"
"కరెంటు పోయింది."
చాలాసేపు మర ఒక్కటే తిరిగింది.
"లేచావా?" అన్నాడు.